వాయిదా తప్పితే మనిషి లెక్కలో లేనట్టేనా?

(దళిత సంఘాల కార్యకర్తల శిక్షణా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భూమి గురించి సభలు పెట్టుకున్నాం. కూలి గురించి పెట్టుకున్నాం. రెండు గ్లాసుల గురించి, శ్మశానం జాగా గురించి పెట్టుకున్నాం. చావు డబ్బుల గురించి మాత్రం మనం ఎప్పుడూ కూర్చుని మాట్లాడుకోలేదు. అది ఏడుస్తున్న ఇంటి సంగతి. దినాలు అయిపోయాక వాడ మరిచిపోతుంది. ఆ ఇంటి ఆడమనిషి ఒక్కతే కవరు నిండా కాగితాలు పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతుంది. ఇవాళ ఆ కవరు విప్పి చూద్దాం.

ముందు మా తప్పు చెప్పుకుంటాం. ఆ తర్వాతే లోకం తప్పు చెబుతాం.

మా సంఘంలో చావు సాయం నిధి ఒకటి ఉంది. ఇంటికి నెలకు 20 రూపాయలు. ఇంట్లో ఎవరు పోయినా 10 వేలు ఇవ్వాలి. పాడె కట్టిన కాడినుంచి దినాల దాకా షావుకారు గడప తొక్కకూడదని పెట్టుకున్న నిధి అది. దానికి రూల్సు రాసుకున్నాం. వరుసగా 3 నెలలు చందా కట్టని ఇల్లు సభ్యత్వం పోగొట్టుకుంటుందని అందులో ఒక రూలు. రాసిన రోజు ఎవ్వరం అడ్డు చెప్పలేదు. రూలంటే అట్లాగే ఉంటుంది అనుకున్నాం.

వాడలో ఒక అన్న 9 ఏళ్ళు ఒక్క నెల తప్పకుండా కట్టాడు. 108 నెలలు, 2,160 రూపాయలు. ఆ ఏడు దసరా దాటాక గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని భార్యతో పరాయి రాష్ట్రం వలస పోయాడు. నాలుగో నెలలో పని కాడనే గుండె ఆగి చచ్చిపోయాడు. శవాన్ని ఊరికి తెచ్చిన బండి కిరాయికే అప్పయింది.

ఆ అక్క ముందు బ్యాంకుకు పోయింది. ఆయన పేరు మీద ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా ఉండేది. సాలుకు 436 రూపాయలు, మనిషి పోతే 2 లక్షలు. మే నెలాఖరులో డబ్బు దానంతటదే ఖాతాలోంచి పోవాలి. ఆ మే నెలాఖరులో ఖాతాలో 436 లేవు. "మీది ల్యాప్స్ అయింది" అన్నారు. అక్కడినుంచి మా దగ్గరికి వచ్చింది. మా కోశాధికారి పుస్తకం తీసి చూశాడు. "నాలుగు నెలలాయె కట్టక. రూలు ప్రకారం ల్యాప్స్ అయిందక్కా" అన్నాడు.

ఆ అక్క అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. "బ్యాంకోళ్ళు ఈ మాటంటే మీ కాడికొచ్చిన. మీరే ఈ మాటంటే యాడికి పోవాలె?" అని అడిగి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి మాలో ఎవరికీ అన్నం సహించలేదు. బ్యాంకు మనది కాదు, అనుకుందాం. సంఘం మనదే కదా? మన చేత్తో రాసుకున్న రూలు కూడా ఆఫీసు రూలు లాగే మన పేదదాన్ని గెంటేసిందేమిటి?

ల్యాప్స్ అంటే ఏంది? వాయిదా కట్టాల్సిన రోజు దాటింది, ఆ పైన ఇచ్చిన గడువూ దాటింది, కాబట్టి ఒప్పందం చెల్లదు అని. మామూలు జీవిత బీమా పాలసీలో నెలనెలా కట్టేవాళ్ళకు 15 రోజులు, మూడు నెలలకో ఆరు నెలలకో సాలుకో కట్టేవాళ్ళకు 30 రోజులు గడువు ఉంటుంది. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ వాయిదా ఎవరికి తప్పుతుంది? జీతంలోంచి కోసి కట్టే ఉద్యోగికి తప్పదు. పంట అమ్మిన సొమ్ము బ్యాంకులో ఉన్న ఆసామికి తప్పదు. నాట్లప్పుడు, కోతలప్పుడు తప్ప చేతిలో రూపాయి ఆడని కూలోడికి తప్పుతుంది. వలస పోయినోడికి తప్పుతుంది. జబ్బు పడి మంచం పట్టినోడికి తప్పుతుంది. అంటే బీమా ఎవరికి ఎక్కువ కావాలో వాళ్ళకే అది ముందు తెగిపోతుంది. తెగిపోయినాక అప్పటిదాకా వాళ్ళు కట్టిన సొమ్ము చాలాసార్లు నిధిలోనే మిగులుతుంది. ఎప్పుడూ తప్పకుండా కట్టగలిగినవాళ్ళకు అది పనికొస్తుంది. పేదోడి పైసలతో ఉన్నోడికి భద్రత!

ఈ గోస మనకొక్కరికే వచ్చింది కాదు. 1946లో బాబాసాహెబ్ అంబేడ్కర్ అమెరికాలోని నల్లజాతి మేధావి డ్యూబాయిస్‌కు ఉత్తరం రాశారు. మీ బతుకూ అంటరానివాళ్ళ బతుకూ ఒక్క తీరుగనే ఉన్నాయని అందులో చెప్పారు. ఆ డ్యూబాయిస్ 1907లోనే నల్లవాళ్ళ సహకార సంఘాల మీద ఒక పుస్తకం తెచ్చారు. వాళ్ళు చావుకూ జబ్బుకూ పెట్టుకున్న సోదర సంఘాల లెక్కలు అందులో ఉన్నాయి. ఆ సంఘాల కథ మనం తెలుసుకోవాలి.

బానిసత్వం ఉన్న రోజుల్లో అమెరికాలో నల్లమనిషి ప్రాణానికి బీమా చేసేవాళ్ళు. ఆ మనిషి చస్తే సొమ్ము వచ్చేది పెళ్ళాం బిడ్డలకు కాదు, యజమానికి. ఎద్దు చస్తే రైతుకు వచ్చినట్టు. బానిసత్వం పోయాక నల్లవాళ్ళు తమ ప్రాణానికి తామే బీమా చేసుకోబోయారు. 1881లో ప్రుడెన్షియల్ అనే పెద్ద కంపెనీ ఒక నిర్ణయం చేసింది. తెల్లవాడు కట్టినంత ప్రీమియమే నల్లవాడూ కట్టాలి, చనిపోతే మాత్రం మూడో వంతు తక్కువ ఇస్తాం అని. ఇట్లాంటి వివక్షను మసాచుసెట్స్ రాష్ట్రం 1884లో చట్టం చేసి ఆపింది. 1896లో ఆ కంపెనీ లెక్కల నిపుణుడు హాఫ్‌మన్ ఒక పుస్తకం రాసి, నల్లవాళ్ళు పుట్టుకతోనే బలహీనులు, త్వరగా చస్తారు, వాళ్ళకు బీమా దండగ అని తేల్చాడు. మురికివాడలో ఉంచింది ఎవరు, వైద్యం అందకుండా చేసింది ఎవరు అని ఆ పుస్తకం అడగలేదు. మన వాడల గురించి కూడా ఇట్లాంటి శాస్త్రాలు మనం వినే ఉన్నాం.

అప్పుడు నల్లవాళ్ళు తమ సంఘాలు తామే పెట్టుకున్నారు. బానిసగా పుట్టిన విలియం వాషింగ్టన్ బ్రౌన్ అనే ఆయన 1881లో రిచ్‌మండ్ పట్నంలో ట్రూ రిఫార్మర్స్ సంఘాన్ని బీమా సంఘంగా నిలబెట్టాడు. ఆ సంఘం 1889లో సొంత బ్యాంకు తెరిచింది. తెల్లవాళ్ళ నైట్స్ ఆఫ్ పిథియాస్ అనే సంఘం నల్లవాళ్ళను చేర్చుకోకపోతే, వాళ్ళు అదే పేరుతో తమ సంఘం పెట్టుకున్నారు. ఆ పేరు మీరు వాడొద్దని తెల్లవాళ్ళు కోర్టుకు పోయారు. 1912లో అమెరికా సుప్రీంకోర్టులో నల్లవాళ్ళే గెలిచారు. నెలకింత అని చందా. జబ్బు పడితే సాయం. చస్తే గౌరవంగా ఊరేగింపు, భార్యకు ఇంత సొమ్ము. బతికున్నప్పుడు దొరకని గౌరవం చావులోనైనా దక్కాలని వాళ్ళ ఆరాటం. మన డప్పు మోతకూ ఆ ఊరేగింపుకూ దగ్గరి చుట్టరికం ఉంది.

కానీ మిత్రులారా, ఆ సంఘాల్లోనూ వాయిదా రూలు ఉంది. పత్తి పొలంలో పాలుకు చేసే మనిషికి పైసలు కనబడేది పత్తి తీసిన నెలల్లోనే. చందా మాత్రం ప్రతి నెలా కట్టాలి. కట్టనివాడి పేరు పుస్తకంలోంచి పోతుంది. చనిపోయాక భార్య వస్తే పుస్తకం చూపిస్తారు. అట్లా ఎన్నో తగాదాలు కోర్టులకెక్కాయి. ఇంకో దెబ్బ కూడా తగిలింది. వసూలు కాని అప్పులతో, లోపలి అక్రమాలతో ట్రూ రిఫార్మర్స్ బ్యాంకు 1910లో మూతపడింది. దాన్ని నమ్ముకున్న పేదల సొమ్ము మునిగింది. సంఘం మనదైతే చాలదు, లెక్క కూడా మన కళ్ళ ముందు ఉండాలని ఆ కథ చెబుతుంది.

ఇప్పుడు ఆ కోర్టు తగాదాల్లో ఒకటి వినండి. కార్యకర్తలు దీన్ని గుర్తు పెట్టుకోవాలి. ఇది తెల్లవాళ్ళ పిథియాస్ సంఘంలో జరిగింది. అలబామా రాష్ట్రంలో ఒక సభ్యుడు తన చందాను ఊళ్ళోని శాఖ కార్యదర్శికి కట్టాడు. కార్యదర్శి దాన్ని పై ఆఫీసుకు ఆలస్యంగా పంపాడు. ఈలోగా సభ్యుడు చనిపోయాడు. సొమ్ము గడువులోపు మాకు చేరలేదు, ల్యాప్స్ అయింది అని పై ఆఫీసు అన్నది. కార్యదర్శి సభ్యుల మనిషే గానీ మా మనిషి కాదని రూల్సులో అచ్చు వేసి ఉందని చూపించింది. 1900లో అమెరికా సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. మీరే అతనితో వసూలు చేయించారు, మీరే అతని దగ్గర లెక్క తీసుకున్నారు, కాగితం మీద ఏం రాసుకున్నా అతను మీ మనిషే అని చెప్పింది. సొమ్ము ఇవ్వాల్సిందే అన్నది.

సరిగ్గా 99 ఏళ్ళ తర్వాత మన దేశంలో అదే ప్రశ్న వచ్చింది. ఢిల్లీ విద్యుత్ సంస్థలో ఒక ఉద్యోగి జీతంలోంచి కోసి కట్టే పద్ధతిలో ఎల్ఐసీ పాలసీ తీసుకున్నాడు. సంస్థ ప్రీమియం పంపలేదు. ఆయన చనిపోయాడు. పాలసీ ల్యాప్స్ అన్నారు. 1999లో మన సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, ప్రీమియం వసూలు చేసే పని ఆ సంస్థకు అప్పజెప్పింది ఎల్ఐసీయే, కాబట్టి ఈ విషయంలో ఆ సంస్థ ఎల్ఐసీకి ఏజెంటే, భార్యకు ఎల్ఐసీ డబ్బు కట్టాలి అని. ఢిల్లీ ఎలక్ట్రిక్ సప్లయి అండర్‌టేకింగ్ కేసు అని రాసుకోండి.

అయితే ఆ పక్కనే మనకు వ్యతిరేకంగా ఉన్న తీర్పునూ రాసుకోండి. 1997లో అదే సుప్రీంకోర్టు ముందుకు ఇంకో కేసు వచ్చింది. ఒక మనిషి గడువు దాటిన ప్రీమియాన్ని మామూలు ఎల్ఐసీ ఏజెంటు చేతిలో పెట్టాడు. ఏజెంటు దాన్ని వెంటనే ఆఫీసులో కట్టలేదు. ఆ మనిషి ప్రమాదంలో పోయిన తర్వాత రోజు కట్టాడు. పాలసీ అమ్మడమే ఏజెంటు పని, ప్రీమియం వసూలు చేసే అధికారం అతనికి లేదు, అతనికిచ్చిన డబ్బు ఎల్ఐసీకి ఇచ్చినట్టు కాదు అని కోర్టు చెప్పింది. ఆ కుటుంబం ఓడిపోయింది. వాడలో మనం చేసేది ఇదే కదా? "పటేలు కొడుకే ఏజెంటు, మనూరోడే" అని నమ్మి చేతిలో పెడతాం. రసీదు అడిగితే ఆయనకు కోపం వస్తుందేమోనని భయపడతాం. అడగని రసీదు చచ్చాక మన పెళ్ళాం బిడ్డల మీద పడుతుంది. కోపం వస్తే రానివ్వండి. రసీదు అడగడం కూడా ఆత్మగౌరవ పోరాటమే.

బాబాసాహెబ్ ఈ ఆపదను ముందే చూశారు. 1947లో ఆయన రాసిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో బీమా మొత్తం ప్రభుత్వం చేతిలోనే ఉండాలన్నారు. వయసొచ్చిన ప్రతి పౌరుడికీ అతని సంపాదనకు తగ్గ జీవిత బీమా ఉండేట్టు ప్రభుత్వమే చూడాలన్నారు. చాలామంది ఆ పుస్తకంలో భూమి జాతీయం గురించే మాట్లాడతారు, ఈ ముక్క వదిలేస్తారు. 1956లో 245 బీమా కంపెనీలనూ సంఘాలనూ కలిపి ఎల్ఐసీ చేశారు. అందులో 75 చిన్న ప్రావిడెంట్ సొసైటీలు. బీమా ప్రభుత్వం చేతికి వచ్చింది, నిజమే. ప్రతి కూలోడికీ వచ్చిందా? ఒక తక్కువ ప్రీమియం పాలసీని సర్కారు ఉద్యోగులకూ పేరున్న కంపెనీల ఉద్యోగులకూ మాత్రమే ఇస్తామని ఎల్ఐసీ షరతు పెట్టుకుంది. ఆ షరతు రాజ్యాంగానికి విరుద్ధమని 1995లో సుప్రీంకోర్టు కొట్టివేసేదాకా అసంఘటిత కూలీకి అందులో చోటు లేదు.

2007లో భూమిలేని కూలీల కోసం ఆమ్ ఆద్మీ బీమా యోజన వచ్చింది. సాలుకు 200 రూపాయల ప్రీమియం కేంద్రం సగం, రాష్ట్రం సగం కట్టేవి. మామూలు చావుకు 30 వేలు, ప్రమాదానికి 75 వేలు. తక్కువే. కానీ ఒక మంచి ఉంది, కూలోడి జేబు ఖాళీ అయితే తెగిపోయే బీమా కాదది. 2017లో దాన్ని జీవన జ్యోతి పద్ధతిలోకి మార్చారు. ఖాతాలో డబ్బు ఉందా లేదా అనే ప్రశ్న అక్కడినుంచి మన నెత్తిన పడింది. తెలంగాణలో 2018లో రైతుబీమా పెట్టారు. 5 లక్షలు, ప్రీమియం అంతా ప్రభుత్వానిదే. అది పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాళ్ళకు పెట్టిన పథకం. అదే పొలంలో ఎండకు పడి చచ్చే కూలోడికి, కౌలుదారుకు అందులో పేరు లేదు. ఆసామికి ల్యాప్స్ కాని బీమా, కూలోడికి ల్యాప్స్ అయ్యే బీమా. రైతుకు ఇవ్వొద్దని మేము అనడం లేదు. కూలోడికీ అట్లాగే ఇవ్వాలి, ప్రీమియం ప్రభుత్వమే కట్టాలి అంటున్నాం. ఇది మన డిమాండు. ప్రతి మండలంలో రాసి ఇవ్వండి.

డిమాండు నెరవేరేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేం. కార్యకర్తలు చేయాల్సిన పనులు చెబుతాం.

ఒకటి. ప్రతి ఏడు మే నెల మొదటి వారంలో వాడలో ఇల్లిల్లూ తిరగండి. ఖాతాలో 436, ప్రమాద బీమాకు ఇంకో 20, మొత్తం 456 రూపాయలు నెలాఖరుకు ఉన్నాయో లేదో చూడండి. వలస పోయినవాళ్ళకు ఫోను చేయండి. జీవన జ్యోతిలో చేరడానికి 18 నుంచి 50 ఏళ్ళ వయసు ఉండాలి, చేరినవాళ్ళకు 55 దాకా సాగుతుంది. ఒకసారి తెగి మళ్ళీ చేరితే మొదటి 30 రోజులు ప్రమాదం తప్ప మామూలు చావుకు డబ్బు రాదు.

రెండు. ల్యాప్స్ అన్నారని వెనక్కి రాకండి. ఎన్నేళ్ళు కట్టారో లెక్క అడగండి. ఎల్ఐసీ మామూలు పాలసీల్లో కనీసం 3 ఏళ్ళు పూర్తిగా కట్టి, ఆపిన 6 నెలల్లోపు మనిషి చనిపోతే, బాకీ మినహాయించుకుని పూర్తి సొమ్ము ఇచ్చే సడలింపు ఉంది. 5 ఏళ్ళు కట్టి ఉంటే 12 నెలల్లోపు. ఆ గడువూ దాటితే, కట్టినదాన్ని బట్టి తగ్గించి ఇచ్చే పెయిడప్ సొమ్ము అన్నా ఉందేమో అడగాలి. అడగనివాళ్ళకు ఎవరూ పిలిచి చెప్పరు.

మూడు. బతికుండగా ల్యాప్స్ అయితే పాలసీని మళ్ళీ బతికించుకోవచ్చు. బాకీ, వడ్డీ కట్టాలి, ఆరోగ్యం గురించి రాసివ్వాలి. ఆ కాగితం మీద జబ్బు దాచి సంతకం పెట్టకండి. ఏజెంటు "ఏం కాదు, లేదని రాయి" అంటే వినకండి. మూడేళ్ళు దాటిన పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించకూడదని 2015లో చట్టం సవరించారు. కానీ పాలసీని బతికించిన రోజు నుంచి ఆ మూడేళ్ళు మళ్ళీ మొదలవుతాయి.

నాలుగు. కాదన్నారంటే నోటిమాట ఒప్పుకోవద్దు, రాసి ఇమ్మనండి. ముందు కంపెనీకే ఫిర్యాదు రాయండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఆంధ్రప్రదేశ్‌కూ తెలంగాణకూ ఆ ఆఫీసే. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు రాయాలి. లేకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, దానికి రెండేళ్ళ గడువు. 5 లక్షల దాకా అక్కడా ఫీజు లేదు.

ఇక మన సంఘాల నిధుల సంగతి. వాటికి బీమా అని పేరు పెట్టకండి. బీమా వ్యాపారం రిజిస్ట్రేషన్ ఉన్న కంపెనీలే చేయాలని చట్టం. మనది సాయం. సాయానికి సాయం లాంటి రూలే ఉండాలి.

ఆ అక్క అడిగిన మాటతో మేము జనరల్ బాడీ పిలిచాం. పెద్ద గొడవే అయింది. "రూలు తప్పితే రేపు ఎవడూ కట్టడు" అని కోశాధికారి అన్నాడు. ఆయన చెడ్డమనిషేం కాదు, పైసా తినని మనిషి. ఒక ముసలవ్వ లేచి, "ఆయనె పోయింది పనికి. పండుగకు పోలె" అన్నది. ఆ మాటకు ఎవరి దగ్గరా జవాబు లేదు. బాకీ 80 రూపాయలు మినహాయించుకుని 9,920 రూపాయలు ఆ అక్క ఇంటికి తీసుకుపోయి ఇచ్చాం. దినాలకు అందాల్సిన డబ్బు నెల దాటాక అందింది. సంఘం తరఫున క్షమాపణ చెప్పాం. ఆమె తీసుకుంది. క్షమించిందో లేదో మేము అడగలేదు.

రూలు మార్చుకున్నాం. చందా నెలనెలా అక్కరలేదు, కూలి దొరికే నెలల్లో ముందుగా కట్టుకోవచ్చు. వలస పోయే ఇల్లు పోయేముందు చెబితే వచ్చేదాకా పేరు కొట్టేయకూడదు. బాకీ పడ్డ ఇంటికి ఇద్దరు సభ్యులు వెళ్ళి అడగకుండా పేరు తీసేయకూడదు. సాయం కాదనే అధికారం ఒక్క కోశాధికారికి లేదు, అందరి ముందు చర్చ జరగాలి. మూడు నెలలకోసారి లెక్క వాడ మధ్యలో చదివి వినిపించాలి. ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు ఉండాలి. సంఘం నాయకుడు ఇచ్చినా అంతే.

ఇవి గొప్ప రూల్సేం కావు. మీ వాడకు తగ్గట్టు మీరు మార్చుకోండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఎవరైనా "ల్యాప్స్" అన్నప్పుడు మనం అడగాల్సినవి మూడు ప్రశ్నలు. ఎవరు కట్టలేదు? ఎందుకు కట్టలేకపోయారు? మధ్యలో డబ్బు పట్టుకున్నది ఎవరి మనిషి? బ్యాంకునూ అడగండి, ఎల్ఐసీనీ అడగండి, ప్రభుత్వాన్నీ అడగండి. మా సంఘాన్ని కూడా అడగండి. ఆ అక్క మమ్మల్ని అడిగింది కాబట్టే ఇవాళ మీ ముందు నిలబడి మాట్లాడే మొహం మాకు మిగిలింది.

జై భీం.